ఊరు విడిచినవాళ్ళు: చీరాల 1921, కారంచేడు 1985

మా మేనకోడలు గ్రూప్-2 పరీక్షకు చదువుకుంటూ, తేదీలు ఒకసారి సరిచూడమని తన నోటుపుస్తకాన్ని నా దగ్గర వదిలి వెళ్ళింది. కోచింగు సెంటరులో చెప్పింది చెప్పినట్టు రాసుకున్న పుస్తకం అది. ఆంధ్రప్రాంతంలో జరిగిన అహింసా ఉద్యమాల వరుసలో చీరాల-పేరాల, పెదనందిపాడు, ఉప్పు సత్యాగ్రహం ఉన్నాయి. చాలా పేజీల తరువాత, కుల ఘర్షణలు అన్న శీర్షిక కింద, దళితుల మీద పై కులాలవారి దాడులు జరిగిన కారంచేడు, చుండూరు ఉన్నాయి. ఆ పేజీ అంచున పెన్సిలుతో ఆమె రాసుకున్న ప్రశ్న ఒకటి కనిపించింది: "చీరాలలోనూ జనం ఊరు విడిచారు, కారంచేడులోనూ విడిచారు. మొదటిది సత్యాగ్రహమైతే రెండోది ఘర్షణ ఎలా అయింది? మావయ్యను అడగాలి."

ఫోనులో రెండు మాటల్లో తేలే ప్రశ్న కాదు కనుక జవాబు ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. తెలుగు నేల మీద గత వందేళ్ళలో జరిగిన అహింసా పోరాటాలలో, నాకు తెలిసినంతలో, కారంచేడు బాధితులు చీరాలలో నడిపిన శిబిరం మొదటి వరుసలో నిలబడుతుంది. కొన్ని విషయాలలో అది చీరాల-పేరాల కంటే లోతుగా ఆలోచించిన పోరాటం. దాన్ని ఆ వరుసలో చేర్చకపోవడానికి కారణం వెతకవలసింది మనలోనే. మనలో అన్నప్పుడు ఎవరిని కలుపుకుంటున్నానో కూడా చెప్పాలి. నేను పుట్టి పెరిగింది ఆ డెల్టా ప్రాంతంలోనే. అయితే దళితులు ఉండే పల్లెలో కాదు, ఊళ్ళో. 1985 జులైలో ఆ వార్త మా వీధి అరుగుల మీద ఏ మాటలతో నలిగిందో నాకు బాగా గుర్తుంది. చనిపోయినవాళ్ళ గురించి కంటే "అంతదాకా ఎందుకు తెచ్చుకున్నారు" అన్నదాని గురించే అక్కడ ఎక్కువగా మాట్లాడుకున్నారు.

చీరాల-పేరాల కథను మొదటినుంచి చెప్పనవసరం లేదు. నా వాదనకు కావలసిన సంగతులు కొన్నే. 1919లో మద్రాసు ప్రభుత్వం ఆ గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేయడంతో పన్నుల భారం ఏడాదికి సుమారు 4,000 రూపాయల నుంచి 40,000కు పెరిగింది. దాదాపు 15,000 జనాభాలో నేతపనివారు, చిన్న రైతులు, రోజు కూలి మీద బతికేవారు ఎక్కువ. 1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చినప్పుడు వారి ముందు రెండు దారులు ఉంచారు. ఒకటి పన్ను కట్టకుండా వచ్చిన శిక్షను భరించడం, రెండోది మునిసిపాలిటీ హద్దు దాటి అందరూ వెళ్ళిపోవడం. ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రెండో దారిని ఎంచుకున్నారు. దాదాపు 13,000 మంది ఇళ్ళకు తాళాలు వేసి, ఊరి బయట పాకలు వేసుకుని, ఆ చోటికి రామనగరం అని పేరు పెట్టుకుని, పదకొండు నెలలు అక్కడే ఉన్నారు.

ఆ పదకొండు నెలల గురించి మన పుస్తకాలు ఒకే వాక్యంలో చెప్పి ముందుకు పోతాయి. కోస్తాలో మే నెలలో పాకలో కాపురం అంటే ఏమిటో తెలిసినవారికి ఆ వాక్యం చాలదు. నేతపనివాడి సంగతి మరీ కష్టం. గుంటమగ్గాన్ని నెత్తిన పెట్టుకుని పోవడం కుదరదు, కొత్త పాకలో మళ్ళీ గుంట తవ్వుకోవాలి. వానలు పడితే గుంటలోకి నీరు ఊరుతుంది, పడుగు పాడవుతుంది. అన్ని వేల మంది ఒక బయలులో ఉంటే తాగునీరు ఎక్కడినుంచి రావాలి, పొయ్యిల దగ్గర నిప్పు అంటుకుంటే ఎవరు పరుగెత్తాలి, వదిలివచ్చిన ఇళ్ళలో దొంగలు పడకుండా రాత్రిళ్ళు ఎవరు తిరగాలి, ఇద్దరు కొట్టుకుంటే ఎవరు విడదీయాలి అన్న ప్రశ్నలకు ప్రతిరోజూ జవాబు కావాలి. గోపాలకృష్ణయ్య కూడగట్టిన రామదండు, అంటే వెయ్యిమంది స్వచ్ఛంద సేవకుల దళం, ఉన్నది అందుకే. ఆ దండు కాషాయ దుస్తుల గురించి, రుద్రాక్షల గురించి మనకు చాలా వర్ణనలు ఉన్నాయి. బెజవాడ కాంగ్రెసు సమావేశాలలో కిక్కిరిసిన జనాన్ని అదుపు చేసింది కూడా ఆ వెయ్యిమందే. వాళ్ళు చేసిన పని విసుగు పుట్టించే పని. ఆ విసుగు పుట్టించే పని లేకపోతే గోపాలకృష్ణయ్య వాగ్ధాటి వారం రోజుల తరువాత ఎవరినీ పాకలో నిలబెట్టేది కాదు.

బరంపురంలో మాట్లాడరాదన్న నిషేధాన్ని ధిక్కరించినందుకు గోపాలకృష్ణయ్యకు ఏడాది శిక్ష పడి, ఆయన తిరుచిరాపల్లి జైలుకు వెళ్ళిన తరువాత రామనగరం నిలబడలేదు. నాయకుడు లేకపోవడం, డబ్బు లేకపోవడం కారణాలని చెబుతారు. రెండూ నిజమే. అయితే నాకు ఇంకొక కారణం కూడా కనిపిస్తుంది. రామనగరంలో ఉన్న ప్రతి కుటుంబమూ తిరిగి వెళ్ళడం కోసమే బయటికి వచ్చింది. తాళం వేసిన ఇల్లు కళ్ళ ముందే ఉంది. గెలిస్తే ఆ ఇంటికే వెళ్ళాలి, ఓడినా ఆ ఇంటికే వెళ్ళాలి. ప్రభుత్వం చేయవలసిందల్లా ఆగి చూడడమే. అటువంటి పోరాటంలో గడిచిన ప్రతి రోజూ ఊరు విడిచినవారిని బలహీనపరుస్తుంది.

కవితా గ్రామానికి ఇచ్చిన సలహా

1935లో గుజరాత్‌లోని కవితా అనే ఊళ్ళో దళితులు తమ పిల్లలను అందరితోపాటు బడికి పంపాలనుకున్నందుకు పై కులాలవారు వారి మీద దాడి చేసి, తరువాత వెలివేశారు. అప్పుడు గాంధీ వారికి ఇచ్చిన సలహా కూడా ఇదే: గౌరవం లేని ఊరిని విడిచి వెళ్ళండి, బతుకుతెరువు కోసం వలస వెళ్ళేవారు ఆత్మగౌరవం కోసం వెళ్ళలేరా అని. అంబేడ్కర్ దీన్ని తీవ్రంగా తప్పుపట్టారు. దాడి చేసినవారి మీద కేసు పెట్టమని, హక్కు కోసం నిలబడమని గాంధీ ఎందుకు చెప్పలేదన్నది ఆయన ప్రశ్న.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చాలాకాలం ఆలోచించాను. ఊరు విడవడం మీద అంబేడ్కర్‌కు అభ్యంతరం లేదు. దళితులకు వేరే గ్రామాలు కావాలని 1942లో నాగపూర్ మహాసభ తీర్మానం చేసింది ఆయన నాయకత్వంలోనే. ఆయన అభ్యంతరం అంతా హక్కును కూడా ఊళ్ళోనే వదిలేసి వెళ్ళడం మీద. మూటాముల్లె సర్దుకుని, నలుగురూ నాలుగు దిక్కులకు పోయి, ఒకరు హైదరాబాదులో మేస్త్రీ పని, ఒకరు గుంటూరులో రిక్షా చూసుకుంటే, ఊళ్ళో దాడి చేసినవారికి అంతకంటే సుఖం ఇంకొకటి లేదు. సాక్షులు ఉండరు, కేసు ఉండదు, పల్లె ఉన్న స్థలం కూడా కొంతకాలానికి కలిసివస్తుంది. మన జిల్లాలలో ఇలా చప్పుడు లేకుండా ఖాళీ అయిన పల్లెల గురించి ఎవరూ లెక్కలు రాయలేదు.

కారంచేడు దళితులు చేసినది ఈ రెండు ఆలోచనలనూ కలిపిన పని. వాళ్ళు గాంధీ చెప్పినట్టు ఊరు విడిచారు, అంబేడ్కర్ చెప్పినట్టు హక్కును చేతిలో పట్టుకుని విడిచారు.

తిరిగి వెళ్ళం

1985 జులై 17న కారంచేడులో పై కులంవారు దాడి చేసి ఆరుగురు దళితులను చంపిన తరువాత అక్కడి మాదిగపల్లె మొత్తం చీరాల చేరింది. మధ్య దూరం పది కిలోమీటర్ల లోపే. ఆ మొదటి రాత్రి వాళ్ళు చేసినది ప్రాణభయంతో చేసినదే, దాన్ని ఉద్యమమని నేను అనను. ఉద్యమం ఆ తరువాత మొదలైంది. చర్చి ఆవరణలో తలదాచుకున్నవారు చెదిరిపోలేదు. బంధువుల ఊళ్ళు ఉన్నా, అక్కడికి పోవడం తేలికే అయినా, కలిసే ఉన్నారు. ప్రభుత్వం తిరిగి ఊరికి వెళ్ళమన్నది, రక్షణ కల్పిస్తామన్నది. వాళ్ళు వెళ్ళం అన్నారు. నిందితులను అరెస్టు చేయాలని, తమకు చీరాలలోనే ఇళ్ళు, బతుకుతెరువు చూపాలని అడిగారు. ఆ ఏడాదే బొజ్జా తారకం అధ్యక్షుడిగా, కత్తి పద్మారావు ప్రధాన కార్యదర్శిగా దళిత మహాసభ ఏర్పడింది. రాష్ట్రం నలుమూలల నుంచి దళితులు చీరాల వచ్చి వెళ్ళడం మొదలుపెట్టారు.

రామనగరానికీ ఈ శిబిరానికీ ఉన్న తేడా ఇక్కడే ఉంది. తిరిగి వెళ్ళం అన్నదే డిమాండు అయినప్పుడు కాలం ఎదుటివారి వైపు పనిచేయదు. శిబిరం ఎన్నాళ్ళు ఉంటే ప్రభుత్వానికి అంత ఇబ్బంది. జులైలో పొలం పనులు ఊపందుకునే వేళ కూలీలు ఊళ్ళో లేకపోతే రైతుకూ ఇబ్బందే. గోపాలకృష్ణయ్య ఎదుర్కొన్న తాళం వేసిన ఇంటి బాధ వీళ్ళకు లేదు. ఎందుకంటే ఆ ఇంటికి వెళ్ళే కోరికను వీళ్ళు తమంతట తామే చంపుకున్నారు. అలా చంపుకోవడంలో ఎంత దుఃఖం ఉందో బయట ఉన్న నేను ఊహించగలనేమో గాని చెప్పలేను. తాతల సమాధులు ఉన్న చోటు అది. చివరకు చీరాలలో వారికి విజయనగర్ కాలనీ వచ్చింది. షెడ్యూల్డ్ కులాలు, తెగల మీద అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దాని వెనుక ఉన్న కారణాలలో కారంచేడు ఒకటని ఆ చట్టం చరిత్ర తెలిసినవారు చెబుతారు.

దీనిలో అహింస ఎక్కడుంది, వాళ్ళు బలహీనులు కనుక ఎదురు కొట్టలేదు, అంతే కదా అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. ఆ వాదనను నేను తేలికగా తీసిపారేయలేదు. కాని 1921లో చీరాల నేతపనివారి దగ్గర మాత్రం బ్రిటిషు ప్రభుత్వంతో పోరాడే తుపాకులు ఉన్నాయా? బలం లేనందువల్ల చేయి ఎత్తలేదన్నది ఒకరి విషయంలో లోపం, ఇంకొకరి విషయంలో సత్యాగ్రహం ఎలా అవుతుంది? పైగా రాష్ట్రమంతా కోపంతో ఉడుకుతున్న ఆ నెలలలో, వేలాది యువకులు చీరాలకు వస్తూ పోతూ ఉన్న ఆ రోజులలో, శిబిరం నుంచి కారంచేడు మీదికి ప్రతిదాడి జరగలేదు. జరగకుండా ఉండాలంటే ఎవరో చూసుకోవాలి. కోపంతో వచ్చిన కుర్రవాడిని కూర్చోబెట్టి, ఊరేగింపులో నడిపించి, తిరిగి బస్సు ఎక్కించే పని ఎవరో చేయాలి. రామదండు చేసిన పని అదే అయినప్పుడు ఇక్కడ చేసినవారి పేర్లు మన పుస్తకాలకు ఎందుకు ఎక్కలేదు?

ఒక తేడా ఉంది, దాన్ని దాచను. దళిత మహాసభ నాయకులు అహింసను ఒక వ్రతంగా ఎప్పుడూ ప్రకటించలేదు. ఆత్మరక్షణ హక్కు తమకు ఉందన్నారు. ఉపవాసం, ప్రార్థన, శత్రువు హృదయ పరివర్తన వంటి భాష వాళ్ళది కాదు, వాళ్ళది రాజ్యాంగం భాష. ఆ భాష లేనందువల్లే మన పాఠాలు వాళ్ళను అహింసా ఉద్యమకారులుగా గుర్తించలేదని నేను అనుకుంటాను. ఒక పోరాటాన్ని అది చేసిన పనిని బట్టి తూచాలి.

దెబ్బ పడని హింస

పని బట్టి తూచాలంటే ఒక చిక్కు వస్తుంది. ఎవరి మీదా చేయి వేయకపోవడమే అహింస అయితే వెలివేత కూడా అహింసే కావాలి. 1922లో పెదనందిపాడు రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో శిస్తు కట్టడం మానేసినప్పుడు, గ్రామాధికారులు రాజీనామాలు ఇచ్చారు, శిస్తు వసూలుకు వచ్చిన ఉద్యోగులకు ఊళ్ళు సహకరించలేదు. దాన్ని మనం గర్వంగా చెప్పుకుంటాం. 1991లో చుండూరులో ఎనిమిది మందిని చంపడానికి ముందు దళితులను పనులలోకి పిలవడం మానేశారు. అదీ సహాయ నిరాకరణే, పైకి చూస్తే.

ఈ రెంటిలో తేడాను నేను ఇలా అర్థం చేసుకున్నాను. పెదనందిపాడు రైతు శిస్తు ఎగ్గొట్టినప్పుడు జప్తుకు వచ్చేది అతని భూమి, అతని పశువులు. కష్టాన్ని అతను తన మీదికి తెచ్చుకున్నాడు, తనకంటే బలవంతుడైన సర్కారుతో పెట్టుకున్నాడు. వెలివేసినవాడు తన ఇంట్లో అన్నం తింటూ, ఇంకొకరి పొయ్యి ఆరేటట్టు చూస్తాడు. కారంచేడు శిబిరం కూడా రైతుకు కూలీలు దొరకకుండా చేసింది, నిజమే. కాని అందుకు మొదట పస్తు ఉన్నది శిబిరమే. (పెదనందిపాడు విషయంలో నాకొక అసంతృప్తి ఎప్పటినుంచో ఉంది. శిస్తు భూమి ఉన్నవారి సమస్య, ఆ పొలాలలో పనిచేసే కూలీకి ఆ గెలుపులో ఏమి దక్కేదో ఆనాటి నాయకులు చెప్పినట్టు నేను చదవలేదు. ఆ ఉద్యమం ఎలాగూ ఫిబ్రవరిలోనే ఆగిపోయింది. చౌరీచౌరాలో ఫిబ్రవరి 4న జరిగినదానికి దేశమంతటా సత్యాగ్రహాన్ని గాంధీ నిలిపివేశారు.)

శాంతి కమిటీ

నేను ఉపాధ్యాయుడిగా చేరిన కొత్తలో మా మండలంలో ఒక ఊళ్ళో పల్లెవారి మీద దాడి జరిగింది. ప్రాణాలు పోలేదు కనుక పేపర్లలో పెద్దగా రాలేదు. మా బడి హాలులోనే శాంతి కమిటీ సమావేశం పెట్టారు, కుర్చీలు వేయించే పని మీద నేను అక్కడే ఉన్నాను. అధికారి ఇరువర్గాలూ సంయమనం పాటించాలని చాలాసేపు చెప్పారు. పల్లె నుంచి వచ్చినవారిలో ఒక పెద్దాయన లేచి, "అయ్యా, మేం ఓర్చుకోకపోతే ఈ వేళ ఈ మీటింగు ఉండేది కాదు. ఆ మాట అటు తిరిగి చెప్పండి" అన్నాడు. హాలులో ఎవరూ మాట్లాడలేదు. ఆ తరువాత రాజీ కాగితం రాశారు. పల్లెవారు కేసు వెనక్కి తీసుకోవాలి, ఊరివారు మర్నాటి నుంచి పనులకు పిలవాలి. పదిరోజులుగా పనులు లేనివారు సంతకాలు పెట్టారు, వేలిముద్రలు వేశారు.

ఆ హాలులో శాంతి ఏర్పడింది. న్యాయం ఏర్పడలేదని వేరే చెప్పనవసరం లేదు. శాంతి కమిటీ అన్నది చెడ్డ ఆలోచన అని నేను అనడంలేదు. మతకలహాల సమయంలో వీధుల్లో తిరిగి ప్రాణాలు కాపాడిన కమిటీలు ఈ దేశంలో ఉన్నాయి. అయితే ఇరువర్గాలు అన్న మాటతో మొదలయ్యే ఏ ప్రయత్నమైనా, కొట్టినవాడికీ దెబ్బ తిన్నవాడికీ సమానంగా నీతి చెబుతుంది, దాని ఖర్చును మాత్రం దెబ్బ తిన్నవాడి దగ్గర వసూలు చేస్తుంది. ఆ పల్లెవారి దగ్గర పదిరోజుల తిండి కాకుండా మూడు నెలల తిండి ఉండి ఉంటే ఆ కాగితం మీద వేలిముద్రలు పడేవి కావు. అహింసా పోరాటం గురించి ఎవరు ఏ సిద్ధాంతం చెప్పినా, నాకు ముందుగా గుర్తుకు వచ్చేది ఆ లెక్కే.

చుండూరు, తుపాకీ

చుండూరు దళితులు కారంచేడును చూసి నేర్చుకున్నారు, ఒక విషయంలో దాన్ని దాటి వెళ్ళారు. 1991 ఆగస్టు 6 తరువాత వాళ్ళూ ఊరు విడిచి తెనాలిలో శిబిరం పెట్టారు. కాని చనిపోయినవారిని చుండూరు నడిమధ్యన ఖననం చేశారు. ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు. ఊరు విడిస్తే ఊరిని దాడి చేసినవారికే అప్పగించినట్టు కాదా అన్న ప్రశ్నకు అది వాళ్ళు ఇచ్చిన జవాబు. ప్రత్యేక న్యాయస్థానం ఎక్కడో కాదు, చుండూరులోనే కూర్చోవాలని పట్టుబట్టి సాధించారు. నేరం జరిగిన ఊళ్ళోనే అత్యాచారాల నిరోధక చట్టం కింద కోర్టు నడవడం ఎంత పెద్ద సంగతో, కోర్టు వాయిదా కోసం ఒక రోజు కూలి మానుకుని బస్సు చార్జీలు అప్పు తెచ్చుకున్న సాక్షిని చూసినవారికి తెలుస్తుంది. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలన్నిటినీ కొట్టివేసింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

కారంచేడు కేసులో సుప్రీంకోర్టు చివరి మాట చెప్పింది 2008 డిసెంబరులో, అంటే ఇరవై మూడేళ్ళకు. ఆ లోపల, 1989లో, ప్రధాన నిందితులలో ఒకరిని పీపుల్స్‌వార్ నక్సలైట్లు చంపారు. ఈ రెండు తేదీలను ఎవరైనా నా ముందు పెట్టి, కోర్టుకు ఇరవై మూడేళ్ళు, తుపాకీకి నాలుగేళ్ళు పట్టింది కదా అంటే నేను వెంటనే నోరు తెరవలేను. ఆ హత్య వార్త విని ఎన్నో పల్లెలలో ఊరట పొందినవారు ఉన్నారు. కొడుకును పోగొట్టుకున్న తల్లికి ఆ ఊరట తప్పని చెప్పే హక్కు, రోడ్డుకు ఇవతల, ఊళ్ళో పెరిగిన నాకు లేదు.

అయినా ఒకటి అడగాలనిపిస్తుంది. ఆ తుపాకీ పేలిన తరువాత కారంచేడు బాధితులకు కొత్తగా ఏమి వచ్చింది? కాలనీ అప్పటికే వారు కలిసి ఉండి సాధించినది. కేసులో ఒక నిందితుడి పాత్ర కోర్టులో తేలకుండానే ముగిసిపోయింది. సాక్షులు బోనెక్కి చెప్పవలసిన మాటలలో కొన్ని చెప్పే అవసరమే లేకుండా పోయింది. భయం పెరిగింది, నిజమే. ఆ భయం వల్ల కొన్ని ఊళ్ళలో కొన్ని చేతులు ఆగి ఉండవచ్చు, ఆ మేలును కొలిచే మార్గం నాకు కనబడలేదు. కాని చంపినవారు ఎక్కడినుంచో వచ్చి వెళ్ళిపోయారు. ఆ పని చేయడానికి విజయనగర్ కాలనీలోని వారితో సంప్రదించవలసిన అవసరం వారికి లేదు. దాని పర్యవసానం పడితే పడవలసింది కాలనీ మీదే. శిబిరంలో తిరిగి వెళ్ళాలా వద్దా అన్న ప్రతి నిర్ణయమూ దాన్ని భరించేవారి నోటినుంచే రావాలి. పదిమంది ఆడవాళ్ళు వద్దంటే అది ఆగిపోతుంది. అహింసా పోరాటం నెమ్మదిగా నడుస్తుందన్నదానిని నేను ఒప్పుకుంటాను. ఆ నెమ్మదిలో కొంత భాగం ఇలా అందరినీ అడుగుతూ పోవడం వల్ల వచ్చేది. ఆ భాగాన్ని నేను లోపంగా చూడను. మిగిలిన భాగం, అంటే కోర్టులలో గడిచిన దశాబ్దాలు, ఈ రాజ్యం చేసిన అన్యాయం. దానికి అహింసను బాధ్యురాలిని చేయడం సరికాదు.

బయటివారు చేయగలిగినది

ఇటువంటి దాడి జరిగిన ప్రతిచోటా అధికారులు మొదటి వారంలోనే బాధితులను ఊరికి తిరిగి పంపాలని చూస్తారు. కొంత బియ్యం, కొంత ఎక్స్‌గ్రేషియా, వీధి చివర ఒక పోలీసు పికెట్. శిబిరం చెదిరితే పత్రికలవాళ్ళు వెళ్ళిపోతారు, పత్రికలవాళ్ళు వెళ్ళిపోతే కేసు చల్లబడుతుంది. నాకు తెలిసిన మంచివారు, ఎవరికీ హాని తలపెట్టనివారు, ఈ తిరిగి పంపే పనిలో సాయం చేయడం చూశాను. పిల్లల చదువులు పాడవుతున్నాయి, ఎన్నాళ్ళు ఈ పాకల్లో, పెద్దవాళ్ళు చెబుతున్నారు కదా అని బుజ్జగించడం వాళ్ళకు శాంతి కోసం చేసే సేవలాగే కనిపిస్తుంది. ఆ సేవ చేయబోయే ముందు, శిబిరంలో ఉన్నవారు ఏమి కోరుకుంటున్నారో కూర్చుని వినమని నేను వారిని బతిమాలుతాను. ఉంటామన్నవారు ఉండగలిగేటట్టు చేయడమే రోడ్డుకు ఇవతల ఉన్న మనలాంటివారి పని.

ఆ పనిలో ఉపన్యాసాలకు పెద్దగా చోటు లేదు. నెలకు ఇన్ని బస్తాల బియ్యం ఎవరు ఇస్తారో రాసి పెట్టుకోవాలి. వచ్చిన డబ్బు లెక్కను ప్రతి వారం శిబిరంలో చదివి వినిపించాలి, ఎందుకంటే డబ్బు మీద అనుమానం మొదలైన శిబిరం పోలీసుల అవసరం లేకుండానే చెదిరిపోతుంది. వాయిదా ఉన్న రోజున సాక్షులతో కలిసి కోర్టుకు వెళ్ళి సాయంత్రం దాకా ఉండాలి. ఇక పిల్లల చదువు. ఊరు విడిచిన పిల్లవాడు కొత్త బడిలో చేరబోతే పాత బడి టీసీ అడుగుతారు, ఆ పాత బడి తండ్రి మళ్ళీ అడుగుపెట్టలేని ఊళ్ళో ఉంటుంది. టీసీల కోసం తిరిగి ఊరికి వెళ్ళి, అక్కడి పెద్దల మాటలు విని, మెత్తబడి వచ్చిన తండ్రులు ఉన్నారు. తల్లిదండ్రులను రప్పించకుండా, ఆ పిల్లలందరి టీసీలూ రాసి, సంతకం చేసి, శిబిరానికి పంపడం ఒక ప్రధానోపాధ్యాయుడు తలచుకుంటే ఒక పూటలో అయ్యే పని.